పదో పేరు
(మన సంఘం సాంస్కృతికోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక మనవి. మాది సాయంకాలపు బడి తెలుగు. మా తాతలు మద్రాసు రేవులో ఓడ ఎక్కి నేటాలు చెరకు తోటలకు వచ్చినవారు. మేము మూడో తరం. పగలు ఇంగ్లీషు బడి, సాయంత్రం తెలుగు బడి, అట్లా నేర్చుకున్న భాష ఇది. ఈ కాగితం చదువుతున్నది ఒక్కరే అయినా రాసింది మేమిద్దరం. కనుక మెప్పు ఏదైనా ఉంటే ఇద్దరికీ ఇవ్వండి. తప్పులను మాత్రం మన్నించండి.

కార్యదర్శిగారు మా కొరియా అనుభవాలు చెప్పమన్నారు. అక్కడి తిండి, అక్కడి చలి గురించి భోజనాల వేళ చెప్పుకుందాము. ఇక్కడ ఒక్క విషయమే చెబుతాము. రాజధానికి దూరంగా ఒక చిన్న ఊరిలో ఉండే పరదేశి ఆ దేశపు భాష నేర్చుకోవాలంటే బడి ఎక్కడ దొరుకుతుంది? వినడానికి ఇది మనకు సంబంధం లేని సంగతిలాగే ఉంటుంది. చివరిదాకా ఓపిక పట్టండి.

డర్బన్ బడులలో ముప్పై ఏండ్లకు పైగా పాఠాలు చెప్పి, 2015లో కాస్త ముందుగానే పదవీ విరమణ చేశాము. కొరియా ప్రభుత్వ బడులలో ఇంగ్లీషు చెప్పడానికి ఏడు దేశాల పౌరులను పిలిచే పథకం ఒకటి 1995లో మొదలైంది. ఆ ఏడింటిలో మన దక్షిణాఫ్రికా కూడా ఉంది. ఇద్దరం దరఖాస్తు పెట్టుకున్నాము. సియోల్ నగరంలో వేస్తారని ఆశపడ్డాము. వేసింది మాత్రం ఉత్తర క్యోంగ్‌సాంగ్ రాష్ట్రంలో, దేగు నగరం నుంచి బస్సులో గంటన్నర దూరాన, ఆపిల్ తోటల మధ్య ఉన్న ఒక చిన్న ఊరిలో. అక్కడ రెండేండ్లు ఉన్నాము.

బడి లోపల మేము గురువులం. గేటు దాటి బయటికి వస్తే మూగవాళ్లం. మొదటి నెలలో ఒకనాడు మందుల దుకాణంలో పొట్ట పట్టుకొని, ముఖం చిట్లించి చూపించవలసి వచ్చింది. దుకాణంలోని పిల్లలు నవ్వారు. తప్పు వారిది కాదు. ఆ రాత్రి మా తాతలు గుర్తుకొచ్చారు. ఇంగ్లీషు రాక, జూలూ రాక, తోటలో వారు మొదటి నెలలు ఎట్లా గడిపారో కదా! వారికి భాష నేర్పేందుకు ఎవరూ బడి పెట్టలేదు. మాకు బడి ఉందన్నారు. ఎక్కడుందో వెతకాలి, అంతే.

అక్షరాలు మాత్రం ఇంట్లోనే వచ్చేశాయి. సేజోంగ్ రాజు 1443లో కూర్చి, 1446లో ప్రజలకు ప్రకటించిన లిపి అది. చైనా అక్షరాలతో తమ మనసులోని మాట చెప్పుకోలేని సామాన్యుల కోసమే చేశానని ఆయన చెప్పుకున్నాడు. నేడు వాడే మూలాక్షరాలు 24 మాత్రమే: 14 హల్లులు, 10 అచ్చులు. కొన్ని హల్లుల ఆకారం ఆ ధ్వని పలికేటప్పుడు నోటిలో నాలుక ఉండే తీరును బట్టి గీసినది. మన 56 అక్షరాలు దిద్దిన చేతికి అది నాలుగు రోజుల పని. కాని అక్షరాలు వచ్చినంత మాత్రాన మాట రాదు. బోర్డులు గడగడా చదివేవాళ్లం. ఏమి చదివామో తెలిసేది కాదు.

ఇక బడి వేట. మొదట విశ్వవిద్యాలయాల భాషా కేంద్రాలు. దేగులో క్యోంగ్‌బుక్ జాతీయ విశ్వవిద్యాలయం ఉంది. అటువంటి చోట్ల పద్ధతి ఏమిటంటే, మామూలుగా రోజుకు 4 గంటలు, వారానికి 5 రోజులు, 10 వారాలు. అనగా ఒక మెట్టుకు 200 గంటలు. చదువుకోవడానికే వచ్చినవారికి అది మంచి ఏర్పాటు. పగలు ఉద్యోగం చేసుకునే మాబోటివారికి అందదు.

రెండవది న్యాయశాఖ 2009 నుంచి నడుపుతున్న సమాజ సమైక్య కార్యక్రమం. అందులో సున్నా నుంచి అయిదు వరకు మెట్లున్నాయి. సున్నా మెట్టు 15 గంటలు. ఒకటి నుంచి నాలుగు వరకు ఒక్కొక్కటి 100 గంటలు. అయిదవది ఆ దేశపు చట్టం, చరిత్ర, సమాజం గురించిన పాఠం. విదేశీయుల నమోదు కార్డు ఉంటే చేరవచ్చు. ముందు ఒక పరీక్ష పెట్టి ఏ మెట్టులో కూర్చోవాలో చెబుతారు. శాశ్వత నివాసానికి, పౌరసత్వానికి కూడా ఈ చదువు పనికివస్తుంది. కాని మా ఊరిలో ఆ తరగతి లేదు. దగ్గరలో ఉన్నది పొరుగు పట్నంలో. రాత్రి తరగతి ముగిసే వేళకు మా ఊరికి ఆఖరు బస్సు వెళ్లిపోయేది. పైగా తరగతుల ప్రకటన మేము చూసినప్పుడు కొరియా భాషలోనే ఉంది. కొరియా భాష వస్తేగాని కొరియా భాషాబడి దొరకదన్నమాట!

మూడవది 2008 చట్టం వచ్చాక దేశమంతటా ఊరూరా స్థిరపడిన బహుసంస్కృతీ కుటుంబ సహాయ కేంద్రాలు. ఇప్పుడు వాటిని కుటుంబ కేంద్రాలంటున్నారు. కొరియా పల్లెల్లో పడుచువాళ్లు పట్నాలకు పోగా, రైతుల ఇండ్లకు వియత్నాం, చైనా, ఫిలిప్పీన్స్, కంబోడియా దేశాల నుంచి కోడళ్లు వచ్చారు. వారి కోసం పెట్టినవి ఇవి. నాలుగవది ఆదివారాలు చర్చీలలోను, కార్మికుల సహాయ సంఘాలలోను స్వచ్ఛందంగా జరిగే తరగతులు. ఫ్యాక్టరీలలో, పొలాలలో పనిచేసే నేపాల్, వియత్నాం, శ్రీలంక కుర్రవాళ్లు ఎక్కువగా అక్కడ కనబడతారు.

ఇవన్నీ మేము కాగితాలలో చూసి తెలుసుకున్నవి కావు. మా బడిలో మాతో కలిసి పాఠం చెప్పే కొరియా అమ్మాయి ఒక మధ్యాహ్నం కూర్చొని నాలుగు చోట్లకు ఫోను చేసింది. ఇంకొక నెల మేమే వెతికినా దొరకని సమాచారం అరగంటలో దొరికింది. అటువంటి ఊరికి వెళ్లే పిల్లలు మీ ఇండ్లలో ఉంటే ఈ మాట చెప్పండి: ఫోనులో వెతకడానికి ముందు పక్క కుర్చీలో ఉన్న మనిషిని అడగమనండి.

ఆ ఫోను వల్ల తెలిసిందేమిటంటే, మా ఊరి కేంద్రంలో వారానికి రెండు రాత్రులు తరగతి పెట్టాలని ఒక టీచరమ్మ ప్రయత్నిస్తున్నారు. పది పేర్లు వస్తేనే గది, దీపం ఖర్చు మంజూరు. మాతో కలిపి తొమ్మిది అయ్యాయి. శుక్రవారం గడువు. ఆ టీచరమ్మ మాతో పాటు బస్సు స్టాండు దాకా నడిచి, కనబడిన ప్రతి పరదేశినీ అడిగారు. చివరకు పేరు ఇచ్చినవాడు ఒక నేపాలీ కుర్రవాడు. అతను కొరియా రావడానికి ముందే భాషా పరీక్ష నెగ్గినవాడు. ఫ్యాక్టరీలో నాలుగేండ్లుగా ఉన్నవాడు. మా తరగతి అతనికి అవసరమే లేదు. రాత్రి పనికి పోయే ముందు నిద్రకళ్లతో వచ్చి వెనుక బల్ల మీద కూర్చునేవాడు. "నీకు వచ్చిన పాఠమే కదా, ఎందుకు బాబూ ఈ శ్రమ?" అని ఒకనాడు అడిగాము. "వచ్చే ఏడు మా ఊరివాడు ఒకడు వస్తున్నాడండీ. అప్పటికి ఈ బడి మూసి ఉంటే వాడెక్కడికి పోతాడు?" అన్నాడు.

ఆ మాట మాకు గుచ్చుకుంది. ఎందుకో తరువాత చెబుతాము.

తరగతిలో మాకు ఒక వింత జరిగింది. కెనడా నుంచి వచ్చిన కుర్ర టీచరు ప్రతి వాక్యాన్నీ తలకిందులు చేసుకొని అవస్థ పడేవాడు. "నానున్ హక్క్యోఎ కాయో" అని పలకమన్నారు. నానున్ అంటే నేను, హక్క్యో అంటే బడి, ఎ అంటే కి, కాయో అంటే వెళ్తాను. నేను బడికి వెళ్తాను! వరస మారనే లేదు. స్నేహితుడు వస్తే "వస్సొయో", గురువుగారు వస్తే "ఓష్యొస్సొయో". మన వచ్చాడు, వచ్చారు లాగానే. అమ్మను ఒమ్మా అంటారు, నాన్నను అప్పా అంటారు. 1905లోనే హోమర్ హల్బర్ట్ అనే ఆయన కొరియా భాషను ద్రావిడ భాషలతో పోల్చి వ్యాకరణం అచ్చు వేశాడు. భాషాశాస్త్రజ్ఞులు ఆ చుట్టరికాన్ని ఒప్పుకోలేదు. మేమూ బలవంతాన వియ్యం కలపము. కాని ఆ బల్ల మీద కూర్చున్నప్పుడు మా నాయనమ్మ మాట తీరు చెవిలో వినబడింది. ఇన్నేండ్లుగా ఇంగ్లీషులో ఆలోచించి తెలుగులోకి మార్చి మాట్లాడుతున్నామని అక్కడ తెలిసింది. కొరియా భాషను ఇంగ్లీషు నుంచి కాక తెలుగు నుంచి పట్టుకున్నాక మాకు దారి సుగమమైంది.

ఇప్పుడు గుచ్చుకున్న మాట సంగతి. మేము తెలుగు నేర్చిన సాయంకాలపు బడి మీలో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. 1990ల చివరలో పిల్లలు తగ్గి, మూతపడే స్థితికి వచ్చింది. అప్పటి మా గురువుగారు, ముసలాయన, మా ఇంటికి రెండుసార్లు వచ్చారు. "మీ అబ్బాయిలను పంపండమ్మా, లేకపోతే మీరైనా వచ్చి కూర్చోండి, లెక్కకు సరిపోతుంది" అన్నారు. పిల్లలకు లెక్కల ట్యూషన్ ఉందన్నాము. మాకు చదవడం, రాయడం వచ్చు కదా అన్నాము. టీ ఇచ్చి పంపించాము. ఆ ఏటితో ఆ బడి మూసుకుపోయింది. ఈ సంగతి ఇన్నాళ్లూ ఎక్కడా చెప్పలేదు. నిద్రకళ్ల కుర్రవాడు ఇచ్చిన పదో పేరు, మేము ఆనాడు ఇవ్వని పేరు.

మన భాషకు కాగితం మీద లోటు లేదు. 1931 నుంచి మనకు ఆంధ్ర మహాసభ ఉంది. 1996 రాజ్యాంగం ఆరవ విభాగంలో, గౌరవించి పెంపొందించవలసిన భాషల వరుసలో తెలుగు పేరు ఉంది. అక్షరక్రమం కాస్త తప్పి "తెలెగు" అని పడింది, అయినా ఉంది. 2014లో తెలుగును బడులలో ఐచ్ఛిక పాఠంగా తిరిగి అనుమతించారు. కాని రాజ్యాంగం వచ్చి బల్ల మీద కూర్చోదు. కూర్చోవలసింది మనము.

మా మనుమరాలికి పన్నెండేండ్లు. కొరియా పాటలు విని విని హంగుల్ అక్షరాలు తనే నేర్చుకుంది. మా కొరియా పుస్తకం తీసుకొని చదువుతుంది. పక్కనే ఉన్న తెలుగు వాచకం తెరవలేదు. ఆ పిల్లను మేము తప్పు పట్టము. ఆ పాటలు దాని చెవికి వెతుక్కుంటూ వచ్చాయి. తెలుగును దాని దగ్గరకు తీసుకుపోవలసినవాళ్లం ట్యూషన్ మాట చెప్పి ఊరుకున్నాము. ఫోనులో పాఠాలున్నాయి కదా అనే యువకులకు ఒక్క మాట: ఉన్నాయి, మంచివే. కాని మీరు రాకపోతే ఫోను బస్సు స్టాండు దాకా నడిచి ఎవరినీ అడగదు.

మన మంగళవారపు తెలుగు తరగతిలో ఈ ఏడు ఆరుగురమే మిగిలాము. ఎనిమిది పేర్లు లేకపోతే డిసెంబరు తరువాత హాలు ఇవ్వడం కష్టమని కమిటీవారు చెప్పారు. వారి ఇబ్బంది వారిది. తలుపు దగ్గర, ప్రసాదం పెట్టిన బల్ల పక్కన ఒక కాగితం, ఒక కలం ఉంచాము. తెలుగు రానివారు పేరు రాయండి. తెలుగు బాగా వచ్చినవారు కూడా రాయండి. వెనుక బల్ల ఖాళీగానే ఉంది. నిద్ర వస్తే కునుకు తీసినా మేమేమీ అనుకోము.