బుడ్డకాశకు ఆపద లేదట, మరి బీళ్లకు?

(ఇబ్రహీంపట్నంలో ఆదివాసీ యువజనుల సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

 

నన్ను భూమి గురించి మాట్లాడమన్నరు. నేను ఒక కలుపుమొక్క గురించి మాట్లాడుతా. బుడ్డకాశ. కొన్నిచోట్ల కుపంటి అంటరు, బుడ్డబూసర అనేటోళ్లు కూడా ఉన్నరు. వానలు పడంగనే చెల్క గట్ల మీద, బీళ్లల్ల, మట్టికుప్పల మీద తనంతట తనే మొలుస్తది. కాయ చుట్టూ కాగితం లాంటి బుడ్డ ఉంటది. ఆ బుడ్డను నుదుటికి కొట్టుకుంటే టప్పుమంటది, ఆ ఆట ఆడనోళ్లు ఈడ ఎంతమంది ఉంటరు? బుడ్డ ఎండి, లోపల పండు పసుపుపచ్చగైనంకనే తినాలె. వంకాయ, టమాట కుటుంబమే గని పచ్చికాయ మంచిది కాదు, పిల్లలకు ఈ మాట చెప్పుండ్రి.

పుస్తకాల్లో దీని పేరు ఫైసాలిస్ మినిమా. ఇప్పుడు అసలు సంగతికొస్తా. మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న అర్జీల్లో "అంతరించిపోతున్న మొక్కలు" అని ఒక జాబితా పెట్టిండ్రు. అందులో బుడ్డకాశ ఉంది. తమ్ముళ్లూ, ఆ మాట తీసేయండి. ఐయూసీఎన్ అనే ప్రపంచ సంస్థ 1964 నుంచి రెడ్ లిస్ట్ నడుపుతున్నది. ఏ జీవికి ఎంత ఆపద ఉన్నదో అందులో మెట్లుమెట్లుగా రాస్తరు. ఊరూరా మొలిచే మొక్కకు అందులో దక్కేది అన్నిటికంటె కింది మెట్టే, అంటే ఆపద లేదని. అది న్యాయమే. అబద్ధం రాస్తే బోటనీ చదివిన ఆఫీసరు ఒక్క నిమిషంలో పట్టుకుంటడు. ఆ ఒక్క లైను కోసం మన నిజమైన పది లైన్లు కూడా చెత్తబుట్టల పడుతయ్.

అయితే ఆ లిస్టు అడిగే ప్రశ్న ఏంది? ఈ మొక్క భూమ్మీద మిగులుతదా అని. మిగులుతది. మన ప్రశ్న అది కాదు. ఈ బీడు మిగులుతదా, ఈ బీట్లకు మేకలను తోలుకొని పోయే ఆడమనిషికి దారి మిగులుతదా, మనం అడిగేది ఇది. ఈ రెండు ప్రశ్నలను కలిపేసి మనకు జవాబు చెబుతున్నరు. ఏదన్న ప్రాజెక్టు వచ్చిందంటే పర్యావరణ ప్రభావ నివేదిక రాస్తరు. మొక్కల పేర్లు రాసుకుంటరు, లిస్టులతో పోల్చుతరు, "అరుదైన జాతులు లేవు" అని ఒక్క వాక్యం పెడతరు. ఆ వాక్యం నిజమే కావచ్చు. కానీ అది రాసినంక ఆ జాగ ఉత్త బంజరైపోతది.

మన పక్కనే చూడండి. యాచారం, కందుకూరు, కడ్తాల్ మండలాల్లో ఫార్మాసిటీకి అనుకున్నది 19,333 ఎకరాలు. మేడిపల్లిలో 2017 అక్టోబరులో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినప్పుడు జనం వద్దని మొత్తుకున్నరు. ప్రభుత్వం మారినంక ఇప్పుడు ఫ్యూచర్ సిటీ అనే మాట వినపడుతున్నది. ఇటు ఆదిభట్ల నుంచి ఔటర్ రింగు రోడ్డు దాకా వెంచర్లు. బుడ్డకాశ ప్లాట్ల మధ్యల కూడా మొలుస్తది, దానికి సిగ్గు లేదు. ప్రహరీ గోడ దాటి పోయి తెంపుకునే హక్కు మాత్రం మనకు లేదు.

గోడ లేని కాడ గడ్డిమందు ఉంది. పత్తి చేన్లల్ల కలుపు తీసేటప్పుడు ఆడోళ్లు గునుగు, గంగవాయిలి, తుమ్మి ఏరుకొని ఒడిల ఏసుకునేటోళ్లు. కూలీ వచ్చేది, కూర వచ్చేది. గ్లైఫోసేట్ కొడితే రెండూ పోతయ్. 2018లో మన రాష్ట్రంలోనే దాని అమ్మకం మీద ఆంక్షలు పెట్టిండ్రు, 2022లో కేంద్రం కూడా పెట్టింది. జహీరాబాద్ దిక్కు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడోళ్లు ఇట్లాంటి సాగు చేయని కూరలనే పండుగ చేసి చూపెట్టిండ్రు. కలుపు అన్నది ఎవరి మాటనో ఆలోచించండి. దీని అక్క లాంటిది, దక్షిణ అమెరికా కొండలకెల్లి వచ్చిన రస్‌భరి, హైదరాబాద్ సూపర్‌మార్కెట్ల డబ్బాల్లో అమ్ముతరు. దాన్ని ఎవరూ కలుపు అంటలేరు.

ఇక ఏం చేయాలె. రంగారెడ్డి జిల్లా షెడ్యూల్డ్ ఏరియా కాదు, పెసా చట్టం మనకు ఇక్కడ పనికిరాదు. అటవీ హక్కుల చట్టం 2006 ఎక్కడైనా వర్తిస్తది, కానీ అడవి భూమికే. బీళ్లకు, గట్లకు మన చేతిల ఉన్నది 2002 నాటి జీవవైవిధ్య చట్టం. దాని ప్రకారం ప్రతి స్థానిక సంస్థల ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలె. స్థానికులను అడిగి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలె. 2004 నిబంధనల్లోనే కమిటీల మూడో వంతు ఆడోళ్లు, 18 శాతం ఎస్సీ, ఎస్టీలు ఉండాలని రాసిండ్రు. హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి ఆఖరు దాకా గడువు పెట్టినంకనే దేశమంతటా ఉరుకులాట మొదలైంది. అట్ల ఉరికి నింపిన రిజిస్టర్ల మన అవ్వల మాట ఎంతున్నదో మీరే పోయి చూడండి.

ఆ రిజిస్టరు ఒక్కటే బుల్డోజరును ఆపదు, నేను అట్ల చెప్ప. కానీ ఇది ఉత్త బంజరు అని రేపు ఎవరన్న రాస్తే, కాదు, ఫలానా బీట్ల ఫలానా నెలల ఇవి తింటున్నం, ఇక్కడ మేపుతున్నం అని పంచాయతీ ముద్రతో ఒక కాగితం మన దగ్గర ఉంటది.

కాబట్టి కాలేజీ పిల్లలు ఒక్కొక్కరు ఒక్క ఊరు తీసుకోండి. పంచాయతీ సెక్రటరీని రిజిస్టరు చూపెట్టమని అడగండి. లేదంటే ఆ మాటే రాసి ఇమ్మనండి. పండ్లు రాలకముందే అవ్వలను ఎంబడి పెట్టుకొని బీళ్లల్ల తిరగండి, మొక్క పేరు వాళ్లు ఎట్ల అంటే అట్లనే రాయండి, సర్వే నంబరు ఏయండి. అర్జీల "అంతరించిపోతున్న" అన్నకాడ కొట్టేసి "మేము తినే" అని రాయండి. రాసిన కాగితాలు వచ్చే మీటింగుకు పట్టుకొని రండి.

జై ఆదివాసీ.