తెరచాప నీడలో సంసారము

సంసారమును సాగరముతో పోల్చుట మనకు తరతరాలుగా వచ్చిన అలవాటు. పురాణము చెప్పు పౌరాణికుడును, పెండ్లి పందిరిలో దీవించు పెద్దలును ఆ మాట వాడక మానరు. ఆ పోలికను అక్షరాలా నిజము చేసికొని, ఇల్లు, పొలము విడిచి, 46 అడుగుల పడవలో కాపురము పెట్టిన దంపతులను గురించి ఈనాడు ముచ్చటింపదలచినాను. వారు మైల్స్ స్మీటన్, ఆయన భార్య బెరిల్.

మైల్స్ భారత సైన్యములో అధికారిగా ఉండి, రెండవ ప్రపంచ యుద్ధములో బర్మా రంగమున పోరాడినవాడు. బెరిల్ పెండ్లికి ముందే ఒంటరిగా దూరదేశములు తిరిగిన వనిత. 1939లో వీరిద్దరు హిందూకుష్ పర్వతములలోని తిరిచ్ మీర్ శిఖరము నెక్కబోయినపుడు వారి వెంట నున్నవాడు టెన్సింగ్. 1953లో ఎవరెస్టు నెక్కి లోకప్రసిద్ధుడైన టెన్సింగే ఆయన. యుద్ధానంతరము ఈ దంపతులు కెనడా పశ్చిమ తీరమున సాల్ట్ స్ప్రింగ్ అను దీవిలో పొలము కొని సేద్యమునకు దిగినారు.

సేద్యము చేయువారు తెరచాప పట్టుట వింతగా తోచును. వీరు 1950 ప్రాంతమున ఇంగ్లండులో ‘త్సూ హాంగ్’ అను పడవను కొన్నారు. అది 1938లో హాంకాంగులో నిర్మితమైన, రెండు కొయ్యల తెరచాప పడవ. అప్పటికి వీరికి సముద్రయానపు అనుభవము లేనట్టే. నేర్చుకొంటూనే అట్లాంటిక్ దాటి, పనామా కాలువ మీదుగా పడవను కెనడాకు తెచ్చినారు. 1955లో పొలమును విడిచి సముద్రము మీదికి వెడలినారు.

మన పెద్దలు వానప్రస్థమని ఒక ఆశ్రమమును చెప్పినారు. భార్యాభర్తలు గృహభారమును దించుకొని అడవికి పోవుదురు. పడవలో కాపురము అట్టిది కాదు. ఇచట భారము తగ్గదు, పెరుగును. మంచినీరు తొట్టెలో ఉన్నంతే; వాన కురిసిన నాడు పట్టుకొన్నది లాభము. పొయ్యి మీది గిన్నె కూడ అలతోపాటు ఊగును. రాత్రి ఒకరు నిద్రించునపుడు మరొకరు చుక్కాని వద్ద మేలుకొని ఉండవలెను. నిద్రించువారి ప్రాణము మేలుకొన్నవారి చేతిలో ఉండును. సంపాదన మగవానిది, వంట ఆడుదానిది అను పంపకము ఇచట ఒక్క రాత్రికైనను నిలువదు.

ఈ మాటకు 1957 ఫిబ్రవరి 14వ తేదీ సాక్ష్యము. ఇంగ్లండులో చదువుకొంటున్న కుమార్తెను చూచుటకై ఈ దంపతులు అంతకు ముందటి డిసెంబరులో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నుండి బయలుదేరినారు. తోడుగా జాన్ గజ్‌వెల్ అను యువకుడును, ఒక పిల్లియు ఉన్నారు. వారు ఎన్నుకొన్నది దక్షిణ అమెరికా కొనను చుట్టివచ్చు కేప్ హార్న్ మార్గము. ఆ దక్షిణ సముద్రములలో గాలి పడమట నుండి తూర్పునకు వీచును. నడుమ అడ్డు తగులు భూమి లేనందున అలలు వేల మైళ్ళు సాగి కొండలవలె పెరుగును.

ఆ ఉదయము చుక్కాని బెరిల్ చేతిలో ఉన్నది. ఆమెకు అప్పటికి 51 ఏండ్లు. వెనుక నుండి నిలువుగోడవంటి అల వచ్చి పడినది. పడవ ముందు భాగము నీట మునిగి, వెనుక భాగము పైకి లేచి, పడవ మొత్తము పల్టీ కొట్టినది. బెరిల్ నడుముకు కట్టుకొన్న రక్షణ త్రాడు తెగి ఆమె సముద్రములో పడినది. గాయపడిన ఒడలితోనే ఈదివచ్చి, విరిగి తేలుచున్న కొయ్యను పట్టుకొని పడవను చేరినది. రెండు కొయ్యలు పోయినవి, చుక్కాని పోయినది, పడవ పైకప్పు ఊడి పెద్ద రంధ్రము పడినది. ఆమె విశ్రాంతి కోరలేదు. భర్తతోపాటు బకెట్టు చేత పట్టి నీరు తోడినది. వడ్రంగము తెలిసిన గజ్‌వెల్ పలకలతో, తెరచాప గుడ్డతో రంధ్రమును మూసినాడు. పడవలోని కలపతోనే తాత్కాలికముగా కొయ్యను నిలిపి, మార్చి నెలలో చిలీ తీరము చేరినారు.

అంతటితో ఆగలేదు. చిలీ నౌకాదళపు రేవులో పడవను బాగుచేయించుకొని, ఆ డిసెంబరులో దంపతులిద్దరే మరల బయలుదేరినారు. 26వ తేదీన మరల తుపాను పడవను దొర్లించినది. మరల కొయ్యలు విరిగినవి. ఎట్లో వాల్పరైసో రేవు చేరి, పడవను ఓడ మీద ఇంగ్లండుకు చేర్చినారు. మైల్స్ 1959లో ప్రకటించిన గ్రంథమునకు ‘ఒక్కసారి చాలు’ అను అర్థము వచ్చు పేరు పెట్టినాడు.

ఇది సాహసమా, మొండితనమా అని శ్రోతలు అడుగవచ్చును. దూరదేశమున బిడ్డ ఎదురుచూచుచుండగా తల్లిదండ్రులిద్దరు రెండు మారులు మృత్యువు ఎదుటికి పోవుట నాకును సమ్మతము కాదు. రెండవ ప్రయాణమును సమర్థించుట కష్టము. అయినను ఒక విషయమును కాదనలేము. ఆ ఆపదలలో వారిని కాచినది పడవ బలము మాత్రమే కాదు. ఒకరి పని మరొకరికి తెలిసియుండుట, అడుగక ముందే చేయి అందించుట వారిని కాచినవి.

1968 డిసెంబరులో వారు ఎదురుగాలికి నడచి, తూర్పు నుండి పడమటకు కేప్ హార్న్ దాటినారు. పిమ్మట తమ ఇష్టముతోనే తీరమునకు వచ్చి, కెనడాలోని ఆల్బర్టాలో, కాక్రేన్ పట్టణ సమీపమున వన్యమృగ సంరక్షణ కేంద్రము నెలకొల్పినారు. కెనడాలో అంతరించిపోయిన ‘స్విఫ్ట్ ఫాక్స్’ అను చిన్న నక్క జాతిని 1973 నుండి పెంచసాగినారు. 1979లో బెరిల్, 1988లో మైల్స్ కన్నుమూసినారు. ఆ నక్కలను తొలిసారి మైదానములలో విడిచిన 1983 నాటికి బెరిల్ లేదు, మైల్స్ ఉన్నాడు. ఇద్దరు మొదలిడిన పనిని ఒకరు మేలుకొని చూచినారు. పడవలో వారు నేర్చిన కాపురము అదియే.