కొల్లేటికీ ఒక జమాఖర్చు పుస్తకం



కొల్లేరు చుట్టుపక్కల సంఘాల తరఫున నాలుగు మాటలు చెప్తాం. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న సరస్సు మనది. బుడమేరు, తమ్మిలేరు, ఎన్నో మురుగు కాలువలు ఇందులోకే వస్తాయి. సముద్రానికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. పైన చేలల్లో చల్లిన ఎరువు, చేపల చెరువుల్లో వేసిన మేత, ఊళ్ల మురుగు కొట్టుకొచ్చి ఇక్కడే చేరతాయి. వాటిలోని నత్రజని, భాస్వరంతోనే గుర్రపు డెక్క, నాచు బలుస్తున్నాయి. డెక్క కమ్మితే పడవ కదలదు, వల పడదు. అది కుళ్లితే నీళ్లలో ప్రాణవాయువు తగ్గి చేప చచ్చిపోతుంది. చేపలమ్మి పొదుపు కట్టే అక్కలకు ఆ నెల వాయిదా ఎక్కడి నుంచి వస్తుంది?

ఎంత కలుస్తోందో తేల్చాలంటే ల్యాబు కావాలంటారు. నిజమే. కానీ ప్రతి కాలువకూ ప్రతి నెలా పరీక్ష చేయించే డబ్బు మన దగ్గర లేదు. జమాఖర్చు రాయడం మాత్రం మనకు బాగా వచ్చు.

ముందు జమ. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని సుమారు 20 కిలోల 700 గ్రాములు. 50 కిలోల డీఏపీలో 9 కిలోలు. ఎకరానికి 3 యూరియా, 1 డీఏపీ వేశారనుకుందాం. మొత్తం 71 కిలోలు. ఇక ఖర్చు. టన్ను వడ్లకు పైరు 15 నుంచి 20 కిలోలు తీసుకుంటుంది. 2 టన్నులు పండితే మహా అయితే 40. మిగిలిన 31 కిలోల్లో కొంత గాలిలో పోతుంది, కొంత నేలలో ఉంటుంది, కొంత కాలువ పడుతుంది. అంటే మన ఎరువుల డబ్బే డెక్కకు మేతవుతోంది.

ఏ కాలువ కింద ఎన్ని ఎకరాలు, ఎన్ని బస్తాలు, చెరువుల్లో ఎంత మేత, ఎన్ని గేదెలు, ఎన్ని ఇళ్ల మురుగు అని విడివిడిగా రాద్దాం. ఇది అంచనాయే, కచ్చితమైన లెక్క కాదు. అయినా ఏ కాలువ మీద బరువెక్కువో తెలుస్తుంది. ఉన్న కాస్త డబ్బుతో అక్కడి నీళ్లే ల్యాబుకు పంపొచ్చు.

ఇంకోటి. తెల్ల పళ్లేనికి బరువు కట్టి తాడుతో నీళ్లలోకి దించండి. ఎన్ని జానల లోతులో కనబడకుండా పోయిందో నెలనెలా ఒకే చోట, మిట్టమధ్యాహ్నం చూసి రాయండి. నీళ్లు పచ్చగా ఉన్నాయా, వానకు బురదగా ఉన్నాయా అదీ రాయండి.

వచ్చే సార్వా నుంచి ప్రతి గ్రామ సంఘం ఈ పుస్తకం పెట్టాలని, నెల సమావేశంలో పొదుపు లెక్కతో పాటు దీన్నీ చదవాలని కోరుతున్నాం. లెక్క చేతిలో ఉంటే రైతులతోనైనా, చెరువుల వాళ్లతోనైనా, అధికారులతోనైనా గట్టిగా మాట్లాడగలం.