ఫైలుకూ ఇంటిపేరు ఉంటుంది
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్ల గురించి అందరికీ అర్థమయ్యేలా నాలుగు ముక్కలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. నేను చాలా చిన్న విషయం ఎంచుకున్నాను: ఫైలు పేరు చివర చుక్క పెట్టి రాసే రెండు మూడు అక్షరాలు. డాట్ టీఎక్స్‌టీ, డాట్ జేపీజీ, డాట్ పీడీఎఫ్ లాంటివి. వీటిని ఎక్స్‌టెన్షన్లు అంటారు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, ఫైలుకు వెనక వస్తుంది. మన సంఘం ఇప్పుడు యాభై ఏళ్ల రిజిస్టర్లను, ఫొటోలను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తోంది కనుక ఈ చిన్న విషయంతో మనకు పెద్ద పనే ఉంది.

ఈ ఇంటిపేరు విషయంలో కంప్యూటర్ ప్రపంచంలో రెండు సంప్రదాయాలున్నాయి. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ వారి పాత టాప్స్-10 వ్యవస్థలో ఫైలు పేరుకు 6 అక్షరాలు, ఎక్స్‌టెన్షన్‌కు 3 అక్షరాలు కేటాయించారు. తర్వాత సీపీఎం, 1981లో వచ్చిన ఎంఎస్-డాస్ దీన్ని 8, 3గా మార్చాయి. వీటిలో డిస్కు మీద చుక్క అసలు ఉండదు. దరఖాస్తు ఫారంలో ఇంటిపేరుకు వేరే గడి ఉన్నట్టు, ఎక్స్‌టెన్షన్‌కు వేరే గడి ఉంటుంది. ఆ గడిలో ఏముందో చూసి, ఆ ఫైలును ఏం చేయాలో వ్యవస్థ నిర్ణయిస్తుంది.

రెండోది యూనిక్స్ సంప్రదాయం. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టారు. నేటి లైనక్స్, ఆపిల్ మ్యాక్ ఆ దారిలో వచ్చినవే. మీ జేబుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్ లోపల నడిచేది లైనక్స్ కెర్నలే. యూనిక్స్‌లో ఇంటిపేరుకు వేరే గడి లేదు. పేరంతా ఒకటే వరుస. చుక్క కూడా మిగతా అక్షరాల్లాంటిదే. పేరులో వాడకూడనివి రెండే రెండు: ఫోల్డర్లను విడదీసే ఏటవాలు గీత ఒకటి, సున్నా విలువ గల బైటు ఒకటి. చుక్క ఒకటి పెట్టినా, నాలుగు పెట్టినా, అసలు పెట్టకపోయినా కెర్నల్‌కు పట్టదు.

మరి ఒక ఫైలు నడిపించదగ్గ ప్రోగ్రామో కాదో యూనిక్స్‌కు ఎలా తెలుస్తుంది? రెండు విషయాలు చూస్తుంది. ఒకటి, దాన్ని నడపడానికి అనుమతి ఇచ్చారా లేదా అన్నది. రెండు, ఫైలు లోపల మొదటి బైట్లు. లైనక్స్ ప్రోగ్రాముల్లో ఆ మొదటి బైట్లలోనే ఈఎల్ఎఫ్ అనే మూడక్షరాలుంటాయి. స్క్రిప్టులైతే హ్యాష్ గుర్తు, దాని పక్కన ఆశ్చర్యార్థకం ఉంటాయి. ఈ రెండో ఏర్పాటు 1980లో రిచీ చేసింది. అందుకే యూనిక్స్ ఆదేశాలకు ఇంటిపేర్లు కనబడవు. ఒక ఆదేశాన్ని ఇవాళ షెల్‌లో రాసి, రేపు పైథాన్‌లో, ఎల్లుండి సీ భాషలో తిరగరాసినా పేరు మారదు. దాన్ని పిలిచేవాళ్లు తమ పని మార్చుకోనక్కర్లేదు.

అలాగని యూనిక్స్‌లో ఎక్స్‌టెన్షన్లకు విలువ లేదనుకోకండి. కెర్నల్ పట్టించుకోకపోయినా, దానిపైన పనిచేసే ప్రోగ్రాములు పట్టించుకుంటాయి. సీ కంపైలర్ డాట్ సీ ఉంటే సీ ప్రోగ్రాముగా, డాట్ ఎస్ ఉంటే అసెంబ్లీగా, డాట్ ఓ ఉంటే అప్పటికే కంపైల్ అయిందిగా తీసుకుంటుంది. లైనక్స్‌లో జీసీసీ కంపైలర్‌కు చిన్న బడి సీ వేరు, పెద్ద బడి సీ వేరు. పెద్ద బడి రాస్తే అది సీ ప్లస్ ప్లస్ అనుకుంటుంది. 1976లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన మేక్ అనే పనిముట్టు, దేని నుంచి దేన్ని తయారుచేయాలో ఈ ఇంటిపేర్లు చూసే ఊహించుకుంటుంది. జీజిప్‌తో కుదించిన ఫైలుకు డాట్ జీజెడ్ తీసేసి చూడండి. తిరిగి విప్పమంటే ఈ ఇంటిపేరు నాకు తెలియదని పక్కన పెడుతుంది.

అంటే యూనిక్స్‌లో ఎక్స్‌టెన్షన్ చట్టం కాదు, మర్యాద. చట్టాన్ని అమలు చేయడానికి పైన ఒకరుంటారు. మర్యాదను మనమే నిలబెట్టుకోవాలి.

మర్యాద తప్పినవాళ్లుంటే? ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అని మన పెద్దలు ఊరికే అనలేదు. మన కెమిస్ట్రీ ల్యాబ్‌లో లేబుల్ లేని సీసాలోని లవణాన్ని పరీక్షలు చేసి తేల్చేవాళ్లం కదా, యూనిక్స్‌లో ఆ పని చేసే ఆదేశం ఒకటుంది. దాని పేరు కూడా ఫైల్. 1973 నాటికే ఉంది. అది లేబుల్ నమ్మదు, మూత తీసి చూస్తుంది. పీడీఎఫ్ ఫైలు శాతం గుర్తుతో, పీడీఎఫ్ అన్న అక్షరాలతో మొదలవుతుంది. జిప్ ఫైలు పీకే అన్న అక్షరాలతో మొదలవుతుంది. అవి దాన్ని రూపొందించిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలు. వర్డ్ వారి డాట్ డాక్స్, ఈ-పుస్తకాల ఈపబ్, ఫోన్ యాప్‌ల ఏపీకే, మూడూ లోపల జిప్ ఫైళ్లే. ఇంటిపేర్లు వేరైనా ఒకే గోత్రం.

పిల్లలూ, ఇక్కడ మీకో మాట. ఫొటో పేరు చివర జేపీజీ చెరిపేసి పీడీఎఫ్ అని రాసి, ఫైలు మార్చేశామనుకోవద్దు. సీసా మీద లేబుల్ మారింది, లోపలి సరుకు మారలేదు. దరఖాస్తు పంపేటప్పుడు ఇలా చేస్తే అవతలివాళ్లకు అది తెరుచుకోకపోవచ్చు.

పెద్దలకు ఇంకో మాట. 2000 మే నెలలో ఐ లవ్ యూ అనే పురుగు ప్రపంచమంతా పాకింది. ఈమెయిల్‌తో వచ్చిన ఆ ఫైలుకు రెండు ఇంటిపేర్లు: ముందు టీఎక్స్‌టీ, చివర వీబీఎస్. విండోస్ తనకు తెలిసిన ఎక్స్‌టెన్షన్‌ను దాచిపెడుతుంది కాబట్టి జనానికి మొదటిదే కనబడింది. మామూలు ఉత్తరమే కదా అని తెరిచారు, ప్రోగ్రాము నడిచింది. ఇవాళ వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ అనో, ట్రాఫిక్ చలానా అనో వచ్చే ఫైళ్లలో అదే మోసం ఉంది. పోలీసులు హెచ్చరిస్తూనే ఉన్నారు. శుభలేఖ ఫొటోగా రావచ్చు, పీడీఎఫ్‌గా రావచ్చు, వీడియోగా రావచ్చు. ఏపీకేగా మాత్రం రాదు. అది యాప్. ఫోన్ దాన్ని పెట్టేముందు మీ అనుమతి అడుగుతుంది.  అక్కడ సరే అని నొక్కేది మన వేలే. ఆ ఒక్క నొక్కుతో బ్యాంకు ఖాతా ఖాళీ అయినవాళ్లున్నారు.

ఇక మన సంఘం ఫైళ్ల సంగతి. చాలా ఏళ్లపాటు తెలుగు అచ్చుపని పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో జరిగింది. అలాంటి ఫైలు ఇంటిపేరు చూస్తే పేజ్‌మేకర్‌ది అని తెలుస్తుంది. లోపలి అక్షరాలు యూనికోడ్ కావని తెలియదు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో మన తెలుగు పిచ్చిగీతలవుతుంది. డాట్ టీఎక్స్‌టీ అన్న పేరు కూడా లోపల ఏ సంకేతలిపి ఉందో చెప్పదు. కాబట్టి వ్యాసాలన్నీ యూనికోడ్‌లోకి, అందులోనూ యూటీఎఫ్-8లోకి మార్చి దాచమని నా విన్నపం. దాన్ని 1992లో రూపొందించింది కూడా ఆ కెన్ థాంప్సనే, రాబ్ పైక్‌తో కలిసి.

అందువల్లే లైనక్స్‌లో ఫైలు పేరు తెలుగులోనే పెట్టుకోవచ్చు. పేరుకు 255 బైట్లు హద్దు. తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు 3 బైట్ల చొప్పున పడతాయి. అంటే 85 గుర్తుల పేరు పడుతుంది. మనకు చాలు.

పేర్లకు నాలుగు నియమాలు చెబుతాను. మొదట సంవత్సరం, నెల, రోజు: 1986-08-15-జెండావందనం అన్నట్టు. అప్పుడు ఫైళ్లు వాటంతటవే కాలక్రమంలో నిలబడతాయి. రెండు, పేరులో ఖాళీలు వద్దు, అడ్డగీత చాలు. ఖాళీ ఉంటే యూనిక్స్ షెల్ దాన్ని రెండు పేర్లనుకుంటుంది. మూడు, ఎక్స్‌టెన్షన్ తప్పకుండా రాయండి, ఎప్పుడూ చిన్న బడిలోనే, లోపల ఉన్నదే రాయండి. నాలుగు, ఏ ఫోల్డర్‌లో ఏముందో, ఏ ప్రోగ్రాముతో తెరవాలో చెప్పే ఒక చిన్న తెలుగు పాఠం ప్రతి ఫోల్డర్‌లోనూ పెట్టండి.

ఇవి పాటించకపోతే ఏ యంత్రమూ మనల్ని అడగదు. మరో పాతికేళ్ల తర్వాత, మనలో చాలామందిమి లేనప్పుడు, ఈ పిల్లల్లో ఒకరు ఆ డిస్కు తెరుస్తారు. పేరు పెట్టినవాళ్లను అడుగుదామంటే ఎవరూ ఉండరు. ఆ పేర్లే మన తరఫున జవాబు చెప్పాలి.