మన పి.ఎఫ్. సొమ్ము షేర్లను ఎలా కదిలిస్తోంది?

(మిల్లు గేటు సభలో యూనియన్ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



షేర్ బజారు సేఠ్‌ల వ్యవహారం, మనకెందుకులే అని మనలో చాలామందిమి అనుకుంటాం. కాని మనం ఇప్పటికే అందులో ఉన్నాం. 2015 ఆగస్టు నుంచి ప్రావిడెంట్ ఫండ్ సంస్థ తనకు కొత్తగా వచ్చే సొమ్ములో 5 శాతాన్ని ఇ.టి.ఎఫ్.లలో పెట్టసాగింది. 2016లో అది 10 శాతం, 2017లో 15 శాతం అయింది. మన జీతంలో కోసిన పైసలూ అందులో ఉన్నాయి.

ఇ.టి.ఎఫ్. అంటే ఏమిటి? బజారులో షేరులాగే కొని అమ్మగల ఒక ఫండు. నిఫ్టీ ఇ.టి.ఎఫ్. ఐతే, నిఫ్టీ జాబితాలోని 50 కంపెనీల షేర్లను వాటి వాటా ప్రకారం కొని ఉంచుతుంది. జాబితాలో ఒక కంపెనీ వాటా 10 శాతమైతే, వచ్చిన ప్రతి 100 రూపాయల్లో 10 దానికే పోతాయి. ఆ కంపెనీ బాగా నడుస్తోందా, కార్మికులకు జీతాలు సరిగా ఇస్తోందా అని ఫండు అడగదు.

పడుగు బీము తిరిగితే గట్టి పోగూ, బలహీనమైన పోగూ కలిసే కదులుతాయి. ఇక్కడా అంతే. ఫండులోకి కొత్త డబ్బు వస్తే 50 షేర్లకూ ఒకేసారి గిరాకీ వస్తుంది. డబ్బు వెనక్కి పోతే అన్నిటిపైనా ఒకేసారి అమ్మకాల ఒత్తిడి పడుతుంది. జాబితాలో కొత్తగా చేరిన షేరును ఈ ఫండ్లన్నీ ఇంచుమించు ఒకే రోజున కొనాలి, తీసేసిన షేరును అమ్మాలి. అందువల్ల కంపెనీలో ఏ మార్పూ లేకున్నా కొంతకాలం ధర ఎక్కడమో, దిగడమో జరుగుతుంది. చివరకు ధరను నిలబెట్టేది మాత్రం కంపెనీ సంపాదనే.

2020 మార్చి 5న రిజర్వు బ్యాంకు యెస్ బ్యాంకుపై ఆంక్షలు పెట్టింది. ఆనాటికి ఆ షేరు నిఫ్టీలోనే ఉంది. మార్చి 19న గాని జాబితా నుంచి తీసేయలేదు. అందాకా నిఫ్టీ ఫండ్లు దాన్ని పట్టుకునే ఉండవలసి వచ్చింది.

మరొక సంగతి. షేరుతో పాటు ఓటు వస్తుంది. ఆ ఓటు మన చేతిలో లేదు, ఫండు నడిపే కంపెనీ చేతిలో ఉంది. 2022 ఏప్రిల్ నుంచి సెబి నియమం ప్రకారం ఫండ్లు ప్రతి తీర్మానంపైనా ఓటు వేయాలి, ఎలా వేసిందీ బయటపెట్టాలి.

పి.ఎఫ్. కేంద్ర ట్రస్టీల బోర్డులో కార్మిక ప్రతినిధులు ఉన్నారు. వారి ద్వారా మనం రెండు ప్రశ్నలు అడగాలి. ఏ కంపెనీలో మన సొమ్ము ఎంత ఉంది? డైరెక్టర్ల జీతాలు పెంచే తీర్మానాలపై మన సొమ్ముతో కొన్న ఓటు ఎటు పడింది? జవాబు మన భాషలో, మిల్లు నోటీసు బోర్డు మీద కనబడాలి.

సొమ్ము మనది. లెక్క అడిగే హక్కూ మనదే!