కాళియుని మడుగు – కళేబరముపై చల్లిన విషము



శ్రీమద్భాగవతము దశమ స్కంధములోని కాళియమర్దన ఘట్టము మీరందరు ఎరిగినదే. ఆ కథ చెప్పగానే మనకు పడగలమీది నృత్యమే జ్ఞాపకమునకు వచ్చును. పిల్లలచేత రూపకము వేయించునప్పుడును ఆ ఒక్క దృశ్యమునే వేయింతుము. కాని నృత్యమునకు ముందు జరిగినది ఏమి? ఎండవేళ దప్పికగొన్న ఆవులును గోపబాలురును ఆ మడుగు నీరు త్రాగి, త్రాగినచోటనే కూలిపోయిరి. మడుగుమీదుగా ఎగిరిన పక్షులు సైతము నేలరాలినవని వ్యాసభగవానులు చెప్పిరి. కాళియునకు ఆ ఆవులతో వైరము లేదు. ఆ పక్షులు ఎవరివో అతనికి తెలియదు. అతడు గరుత్మంతునికి వెరచి, గరుత్మంతుడు రాలేని చోటు వెదకుకొని అచ్చట దాగినవాడు. భయపడినవాడు ఒకచోట పెట్టిన విషము, ఆ భయముతో ఏ సంబంధమును లేని ప్రాణులను తీసినది. ఈ ఒక్క మాటను మనసున ఉంచుకొని నేటి విషయము వినవలెనని కోరుచున్నాను.

నేటి విషయము పురాణము కాదు. పశువును చంపిన పులిపైనను చిరుతపైనను కసితో, మిగిలిన కళేబరమునకు పురుగులమందు పూసిపెట్టుట అను ఆచారమును గురించి. ఆచారము అనుట తప్పేమో. కాని అడవి అంచు గ్రామములలో అది ఎంత సహజముగా జరిగిపోవుచున్నదో విన్నవారికి మరియొక పదము తోచదు.

కర్ణాటకములో, తమిళనాడు సరిహద్దున, చామరాజనగర జిల్లాలో మలె మహదేశ్వర కొండలు కలవు. అచ్చటి స్వామి పులివాహనుడు. భక్తులు కంచుతాళములు మ్రోగించుచు కంసాళె పాటలలో పాడుకొను మహదేశ్వరుడు పులినెక్కి కొండలలో తిరిగినవాడు. నేటికిని ఆ దేవళమున పులివాహన సేవ జరుగును. ఆ కొండల వన్యప్రాణి అభయారణ్యములోనే, హూగ్యం అటవీ ప్రాంతమున, 2025 జూన్ 26వ తేదీన ఒక ఆడపులియు దాని నాలుగు కూనలును చనిపోయి కనిపించినవి. కూనలు ఇంకను తల్లిని విడువని ప్రాయములోనివి. దగ్గరలోనే ఒక ఆవు కళేబరము. పులి ఆ ఆవును చంపినది. ఆవుకు సంబంధించినవారు మిగిలిన మాంసముపై విషము చల్లిరని దర్యాప్తులో తేలగా కొందరిని అరెస్టు చేసిరి. ఒక్క దెబ్బకు ఐదు ప్రాణములు. స్వామికి సేవలో పులి వాహనము, స్వామి కొండలో పులికి విషము! ఇందులో ఎవరిని ఏమనవలెనో నాకు తోచదు.

మన తెలుగునేలకును ఇది పరాయి విషయము కాదు. 2024 జనవరిలో తెలంగాణలోని కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా, కాగజ్‌నగర్ అడవులలో కొద్ది రోజుల తేడాతో రెండు పులులు చనిపోయి కనిపించినవి. పశుకళేబరమునకు విషము పెట్టిరను నేరముపై పశువుల కాపరులను పట్టుకొనిరి. అంతకు నాలుగేండ్ల ముందు, 2020 జనవరిలో, గోవాలోని మహదాయి అభయారణ్యమున ఒక తల్లిపులియు మూడు కూనలును ఇట్లే పోయినవి. అచ్చటను కథ అదే: పశువు చచ్చినది, మందు చల్లిరి.

ఈ పని చేసినవాని రాక్షసుడని తిట్టి ముగించుట సులభము. నేను అట్లు చేయను. పాడి ఆవు ఒక్కటే ఉన్న ఇల్లు ఎట్టిదో మీలో చాలమందికి తెలియును. ఉదయము పాలకేంద్రమునకు పోసిన పాలే ఆ ఇంటి ఉప్పుకు, చింతపండుకు, పిల్లవాని పుస్తకములకు ఆధారము. ఆ ఆవు ఒకనాటి సాయంకాలము ఇంటికి రాదు. మరునాడు పొదలలో సగము తిన్న శరీరము కనిపించును. అధికారికి చెప్పిన, కాగితము పెట్టుమనును. కాగితము పెట్టిన, ఫోటో ఏదనును. పరిహారము వచ్చునో రాదో తెలియదు. ఇంటిలో పొలమునకు తెచ్చిన మందు డబ్బా ఉన్నది. ఆ క్షణమున ఆ మనిషి మనసు ఏమగునో ఊహింపలేనివాడు అతనికి ధర్మము చెప్పుటకు అర్హుడు కాడు.

అయినను ఆ డబ్బా మూత తీసిన తరువాత జరుగునది అతని చేతిలో ఉండదు. అదియే అసలు ప్రమాదము.

తుపాకి ఐనచో ఎవనిని గురిచూచినదో వానికే తగులును. తప్పినను ఒక్కటే తప్పును. విషమునకు గురి లేదు. పులి ఒక పశువును చంపినచో ఒక్కపూటలో తినదు. దగ్గరలోనే పొంచి, మూడు నాలుగు దినములు మరల మరల వచ్చి తినును. ఈ స్వభావము తెలిసినవారే మందు చల్లుదురు. కాని పులి లేని వేళలలో ఆ కళేబరము చెంతకు వచ్చునవి ఎన్ని! నక్క, కొండ్రిగాడు, అడవిపంది, ముంగిస, ఉడుము, కాకి, గ్రద్ద, ఊరకుక్క. మందు తిన్న జంతువు మరియొకచోట కక్కి చచ్చును. ఆ కక్కినదానిని, ఆ చచ్చినదానిని తినునవి వేరు. అట్లు ఒక ఆవుకు పూసిన మందు గొలుసువలె పోవును.

ఇందుకు వాడునవి ఎక్కువగా పైరు పురుగులకై అమ్ము గుళికలే. కార్బోఫ్యూరాన్, ఫోరేట్ వంటివి. ఫోరేట్ అమ్మకము మన దేశమున 2020 డిసెంబరు 31 నుండి నిషిద్ధము. నిషేధించినది దుకాణములోనే గాని, అంతకు ముందు కొని అటకమీద పెట్టినదానికి ఆ నిషేధము తెలియదు. ఈ మందులు నరముల పనిని చెఱచును. నరము నుండి కండకు పోవు ఆజ్ఞ ఒకసారి పోయి ఆగవలెను. ఆపునట్టి పదార్థమును ఈ మందు కట్టివేయును. అప్పుడు ఆజ్ఞ ఆగక కొట్టుచునే ఉండును. నోట చొంగ ధారగా కారును, ఒళ్లంతయు వణకును, మూర్ఛలు వచ్చును, చివరకు ఊపిరి తీయు కండరములు అలసి నిలిచిపోవును. ఆ చావు సుఖమైన చావు కాదు.

గొలుసు ఎంత దూరము పోవునో అస్సాములో చూచితిమి. 2022 మార్చిలో కామరూప్ జిల్లా ఛయగాఁవ్ ప్రాంతమున ఒక్కచోట సుమారు నూరు రాబందులు చచ్చిపడినవి. చాలవరకు హిమాలయ రాబందులు. అవి తిన్నది విషము కలిసిన మేక కళేబరమని, ఆ విషము పెట్టినది రాబందులకు కాదు, ఊరకుక్కలను చంపుటకని అనుమానించిరి. కుక్కకు పెట్టినది రాబందును తీసినది. పులికి పెట్టినది కుక్కను తీయును.

ఇందు రాబందుల సంగతి కొంచెము నిలిచి చెప్పవలెను. రాబందు ఆకాశమున ఒంటరిగా తిరుగుచున్నట్లు కనిపించినను, ఒకటి క్రిందికి వాలగానే దూరమున ఉన్నవి దానిని చూచి వాలును. అందుచేత ఒక్క కళేబరము చుట్టు గుంపు చేరును, గుంపంతయు ఒక్కపూటలో పోవును. అవి ఏడాదికి ఒక్క గ్రుడ్డే పెట్టును. పిల్ల ఎదిగి తాను గ్రుడ్డు పెట్టుటకు ఐదేండ్లు పట్టును. నూరు పోయినచో మరల నూరు కావలెనన్న ఎన్ని సంవత్సరములో మీరే లెక్క వేసికొనుడు. మన దేశమున 1990ల నుండి రాబందులు నూటికి తొంబదికి పైగా నశించినవి. పశువులకు నొప్పికై ఇచ్చిన డైక్లోఫెనాక్ అను మందు ఆ పశువుల శవములలో మిగిలి వాటి మూత్రపిండములను చెఱచుటయే అందుకు ప్రధాన కారణమని తేలి, 2006లో ఆ మందును పశువులకు వాడుట నిషేధించిరి. అది తెలియక జరిగినది. ఇప్పుడు జరుగునది తెలిసి. 2013లో బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్టపై పొడుగుముక్కు రాబందుల గూళ్లు కనబడినప్పుడు ఎందరో సంతోషించిరి. ఆ గుట్ట ఉన్నది ఏ జిల్లాలోననుకొనిరి? 2024లో పులి కళేబరములు దొరికిన జిల్లాలోనే. జటాయువు పక్షిరాజని, శ్రీరాముడు తన చేతులతో దహనము చేసెనని పురాణములో విని కన్నీరు పెట్టుకొనెడి మనము, ఆయన వంశము వారికి మాంసముతోపాటు మందు వడ్డించుచున్నాము.

ఇంక కుక్క. మేకల వెంట పోవు కుక్క, పొలము కావలి కుక్క, ఇంటి వాకిట పడుకొని పిల్లలతో ఆడు కుక్క, ఇవి వాసన పట్టి ఎంత దూరమైనను పోవును. కట్టివేయని కుక్కకు అడవి అంచుననున్న కళేబరము పిలువని పేరంటము. ధర్మరాజు స్వర్గద్వారమున నిలిచి, వెంట వచ్చిన కుక్కను విడిచి రానని ఇంద్రునితో అన్నమాట మహాభారతములో ఉన్నది. మందు పెట్టినవాని సొంత కుక్కయే ముందు చచ్చుట అరుదు కాదు. చిరుతకని పెట్టి, మరునాడు వీధిలోని నాలుగు కుక్కలను పూడ్చినవారు, ఆ మాట బయటికి చెప్పుకొనరు.

మందు వలన పులుల పీడ పోవును కదా అని కొందరు అడుగుదురు. పోదు. ఒక పులి లేక చిరుత ఒక తావును తనదిగా పట్టుకొని ఉండును, ఇతరులను రానీయదు. అది పోగానే ఆ చోటు ఖాళీ. అంతవరకు తావు లేక తిరుగు కుఱ్ఱ పులులు అందులోనికి వచ్చును. వేట సరిగా అబ్బని కుఱ్ఱవి పశువులపైకి వచ్చుటయే ఎక్కువ. మాంసాహారులు పూర్తిగా పోయిన అడవిలో అడవిపందులు, దుప్పులు పెరిగి చేలమీద పడును. పులిపై కోపించిన రైతు, రాత్రి పందులకు డప్పు కొట్టుచు మంచెమీద మేలుకొనవలసి వచ్చును.

చట్టమును గురించి క్లుప్తముగా చెప్పెదను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టములో వేట అనగా తుపాకితో కాల్చుటయే కాదు. విషము పెట్టుటయు వేటయే, అందుకు ప్రయత్నించుటయు వేటయే. పులి, చిరుత, ఎలుగు వంటి మొదటి షెడ్యూలు జంతువుల విషయమున మూడేండ్లకు తక్కువ కాకుండ ఏడేండ్ల వరకు జైలుశిక్ష. 2022 సవరణ తరువాత జరిమానా 25,000 రూపాయలకు తక్కువ ఉండదు. పొరుగువాని కుక్కయో పశువో చచ్చినచో భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను ప్రకారము ఐదేండ్ల వరకు శిక్ష పడవచ్చును. ఆవు పోయిన ఇంటికి మనిషియు జైలునకు పోయినచో, ఆ ఇల్లాలు ఏమి చేయును? చట్టము ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు.

కనుక జవాబు ముందే ఉండవలెను. పశువు చచ్చినచో కళేబరమును కదపవద్దు, కప్పవద్దు. అడుగుజాడలు, పంటిగాట్లు చెరిగిపోవును. వెంటనే అటవీ సిబ్బందికి, పశువైద్యునికి, సర్పంచికి తెలిపి, ఫోటో తీసి, పరిహారపు దరఖాస్తు పెట్టవలెను. దరఖాస్తు అందుకొను అధికారులకును నా విన్నపము ఒకటి: ఆవు పోయిన రెండు మూడు రోజులే ప్రమాదకాలము. కళేబరము అచ్చట ఉన్నంతవరకే మందు ఆలోచన ఉండును. ఆరు నెలల తరువాత వచ్చు పెద్ద మొత్తము కంటె, ఆ మూడు రోజులలో చేతికి వచ్చు చిన్న మొత్తము పులిని కాపాడును. ఉత్తరమున కార్బెట్ అడవుల చుట్టు ప్రభుత్వ పరిహారము వచ్చులోపల తక్షణ సహాయము ఇచ్చు ఏర్పాటు స్వచ్ఛంద సంస్థలు 1990ల నుండి నడుపుచున్నవి. మన దేవస్థానములు, ధర్మకర్తల మండళ్లు అట్టిది చేయలేవా? గోపూజకు మనము పెట్టు ఖర్చులో కొంత, ఆవు పోయిన ఇంటికి ఆ వారములోనే చేర్చుట కూడ గోసేవయే. కొట్టములకు గట్టి కంప లేక జాలి కంచె వేయుట, ప్రొద్దు గుంకకముందే మందను ఇంటికి తోలుట, దూడలను అడవిలో ఒంటరిగా విడువకుండుట, ఇవి మీకు నేను చెప్పవలసినవి కావు. తాతల నాటి నుండి మీరు ఎరిగినవే.

చివరగా, కుక్కలు పెంచువారికి. అడవికి పోయి వచ్చిన కుక్క నోట చొంగ కార్చుచు, తూలుచు, వణకుచు, కంటిపాప సూదిమొనవలె ముడుచుకొని కనిపించినచో విషమని తలచుడు. ఉప్పునీరు పోసి కక్కించుట, నూనె పట్టించుట చేయవద్దు. మూర్ఛలో ఉన్నదానికి పోసినది ఊపిరితిత్తులలోనికి పోవును. ఒక్క నిమిషము ఆలస్యము చేయక పశువైద్యశాలకు తీసికొనిపొండు. ఆట్రోపిన్ అను సూదిమందు ఇట్టి విషములకు పని చేయును. వేళకు ఇచ్చినచో బ్రతుకును. ఏ మందు వాడిరో తెలిసినచో డబ్బా పైనున్న కాగితమును చూపవలెను. చచ్చిన జంతువును వట్టిచేతులతో తాకవద్దు. ఈ మందులు కొన్ని చర్మము గుండను లోనికి పోవును. పిల్లలను దగ్గరకు రానీయక, మిగిలిన కుక్కలను కట్టివేసి, అటవీ సిబ్బంది వచ్చువరకు ఒకరు కాకులను తోలుచు అచ్చట కావలి ఉండవలెను. వారు నమూనాలు తీసికొనిన పిమ్మట కళేబరమును కాల్చివేయుట వారి పని.