ఉదయగిరి దుర్గం మీద ఒక్కణ్ణే

(సంఘం వార్షిక సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)



"విద్య గురించి నాలుగు మాటలు చెప్పండి మాస్టారూ" అన్నారు కార్యదర్శిగారు. నేను కొండ గురించి చెబుతాను. విద్య సంగతి అందులోనే వస్తుంది.

మనం సముద్రం పక్కన పుట్టినవాళ్లం. కొండంటే బస్సు కిటికీలోంచి చూసేదే. మా దాదా మాత్రం ఉదయగిరి దుర్గం ఎక్కినారు. "పైన మసీదుంది, ఫారసీలో చెక్కిన రాళ్లున్నాయి, నేను చదివినాను" అని చెప్పేవారు. ఆయనకు ఫారసీ వచ్చు, మా నాన్నకు ఉర్దూ వచ్చు. నాకు చదవడం, రాయడం అంటే తెలుగే. పోయిన జనవరిలో ఆ రాళ్లు చూడాలని బుద్ధి పుట్టింది. తోడు రమ్మంటే ఒకరికి మోకాళ్లు, ఇంకొకరికి పెళ్లి. ఒక్కణ్ణే పోయినాను. అది తప్పు, ముందే ఒప్పుకుంటున్నా.

నెల్లూరు నుంచి బుచ్చి, సంగం, ఆత్మకూరు మీదుగా ఉదయగిరి దాదాపు 100 కిలోమీటర్లు. ఊరి పక్కనే గోడ నిలబెట్టినట్టు దుర్గం, సముద్రమట్టానికి 3,079 అడుగుల ఎత్తు. కొన్ని వైపుల ఇంచుమించు 1,000 అడుగుల నిట్టనిలువు బండ. తూర్పున ఒక దారి, పడమట అడవిబాట, అంతే. ప్రతాపరుద్ర గజపతి చేతిలోంచి ఈ కోటను తీసుకోవడానికి కృష్ణదేవరాయలకు 1513 నుంచి ఏడాదిన్నర ఎందుకు పట్టిందో పుస్తకంలో చదివితే తెలియలేదు. మూడో మలుపు దగ్గర తెలిసింది.

మెట్లు కొంతదూరమే. ఆ పైన రాళ్లు చెదిరి, కంప కమ్ముకునుంది. గోడ కనబడగానే పైకొచ్చేశాననుకుంటాం, దాని పైన ఇంకో గోడ. కొండ మీద 8, కింద 5, మొత్తం 13 కోటలట. 11 గంటలకే ఒక నీళ్ల సీసా ఖాళీ. బాట రెండుగా చీలిన చోట కుడిచేతి వైపు పోయినాను. పావుగంటకు కాలి ముందర నేల లేదు. నా కాలు తగిలి ఒక రాయి జారింది. అది కింద పడిన చప్పుడు నాకు వినబడలేదు. సెల్‌ఫోన్‌లో సిగ్నల్ లేదు. కాళ్లు వణుకుతుంటే అక్కడే కూలబడి, వచ్చిన దువాలన్నీ చదువుకున్నాను. ఇంట్లో "ఆత్మకూరులో పనుంది" అని చెప్పి వచ్చిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. నవ్వకండి, ఆమె ఇక్కడే కూర్చోనుంది.

మేకల గంటలు వినబడి కేకేసినాను. మేకలాయన వచ్చి, "ఏంది సాయిబుగారూ, ఈ పక్క పశువులు కూడా రావే! ఒక్కరే వచ్చినారా?" అని చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చి, మసీదు దాకా తోడొచ్చినాడు.

ఆ మసీదు గోల్కొండ అబ్దుల్లా కుతుబ్‌షా (1626–72) కాలానిది. మసీదు కట్టించినట్టూ, తోట వేయించినట్టూ శాసనాలు చెబుతాయని గెజిటీరులో ఉంది. నాకు తోట జాడ కనబడలేదు. రాతి ముందు నిలబడి అలిఫ్, లామ్, మీమ్ అని అక్షరాలు పోల్చుకున్నాను. మాట కూడలేదు.

"ఏం రాసుంది సామీ?" అన్నాడు మేకలాయన.

"ఈ మసీదు కట్టించిన సంగతి" అన్నాను. అబద్ధం కాదు. కానీ అది ఇంగ్లీషు పుస్తకంలో చదివింది, రాతి మీద కాదు. ఆయన నన్ను పెద్ద చదువరి అనుకుని తలకు చుట్టిన తువ్వాలు తీసినాడు. ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ క్షణం తలెత్తలేకపోయినాను.

ఈ దుర్గం కింది జాగీరు ఆర్కాటు నవాబుల కాలం నుంచి ఒక ముస్లిం కుటుంబానిది. కడపటి జాగీరుదారు అబ్బాస్ అలీ ఖాన్‌ను రాజద్రోహం మోపి 1839లో చెంగల్పట్టుకు పంపించేశారు. ఈ ముక్క మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

నేనడిగేది పెద్ద ఖర్చు కాదు. సంఘం హాలులో ఆదివారం రెండు గంటలు ఉర్దూ, ఫారసీ అక్షరాలు నేర్పిద్దాం. పెద్దవాళ్లు కూడా రావచ్చు, ముందు బెంచీలో నేనే కూర్చుంటాను. వచ్చే జనవరిలో పదిమందిమి కలిసి కొండెక్కుదాం. పేర్లు కోశాధికారిగారి దగ్గర రాయించండి. మనిషికి 3 లీటర్ల నీళ్లు, గట్టి బూట్లు. మేకలాయన ఫోను నంబరు నా దగ్గరుంది. మొదటి పేరు మా ఇంటావిడ ఇప్పటికే రాయించేసింది.